యూరిక్ యాసిడ్ 9 ఉన్నప్పుడు రాని నొప్పి 6.4కి ఎందుకొచ్చింది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంతవరకు కుదించి రాస్తాను. నాన్నగారికి 61 ఏళ్ళు. ఆర్నెల్ల క్రితం యూరిక్ యాసిడ్ 9.1 వచ్చింది, అప్పుడు ఏ బాధా లేదు. మొన్న పెళ్ళి భోజనం చేసొచ్చిన రాత్రి రెండు గంటలకి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టారు. మర్నాడు పరీక్ష చేయిస్తే 6.4, అంటే ల్యాబ్ లెక్కలో నార్మల్. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చూపే సీఆర్‌పీ మాత్రం 48. డాక్టర్ గారు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాల వల్ల వచ్చే కీళ్ళ జబ్బు అన్నారు. పది రోజుల్లో నొప్పి దానంతటదే పోయింది. తర్వాత యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ మొదలెడితే మూడు వారాలకి మళ్ళీ వచ్చింది, దాంతో మందు మానేశారు. పప్పు, టమాటా, పాలకూర కూడా మానేశారు. నంబరు ఎక్కువున్నప్పుడు లేని నొప్పి తగ్గాక ఎలా వచ్చింది, అసలు ఈ ఇన్‌ఫ్లమేషన్ ఎలా మొదలై ఎలా ఆగుతుంది అన్నది మీ సందేహం.

నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళకి పైగా ల్యాబ్‌లో మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలతో, చాలాకాలం ఈ యూరిక్ యాసిడ్ స్ఫటికాలతోనే పని చేసినదాన్ని. మందు మోతాదులు నేను చెప్పను. లోపల ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, యూరిక్ యాసిడ్ వేరు, గౌట్ దాడి వేరు. మొదటిది రసాయనం లెక్క, ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా నడుస్తుంది. రెండోది మీ నాన్నగారి సొంత రోగనిరోధక కణాలు ఒక్క రాత్రిలో చేసే పని. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే మందు విషయంలో ఆ పొరపాటు జరిగింది.

రసాయనం సంగతి త్వరగా చెప్పేస్తాను. 37 డిగ్రీల దగ్గర డెసిలీటర్ రక్తంలో సుమారు 6.8 మిల్లీగ్రాముల యూరేట్ (యూరిక్ యాసిడ్ రక్తంలో ఉండే రూపం) మాత్రమే కరిగి ఉండగలదు. అంతకు మించితే స్ఫటికాలుగా దిగడానికి సిద్ధంగా ఉంటుంది. కాలి వేళ్ళు ఒంట్లో మిగతా భాగాలకన్నా చల్లగా ఉంటాయి, చల్లదనంలో ఇంకా తక్కువ కరుగుతుంది, అందుకే బొటనవేలు ముందు దొరికిపోతుంది. చాలా జంతువుల్లో యూరిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మన పూర్వీకులైన వానరాల్లోనే ఆ జన్యువు పాడైపోయింది. అందుకే మనకీ తిప్పలు.

9.1 ఉన్న రోజుల్లో నాన్నగారి కీళ్ళలో ఈ స్ఫటికాలు నెమ్మదిగా పేరుకుంటూ ఉండి ఉంటాయి. నొప్పి వచ్చిన రోజు 6.4 ఎందుకు చూపించింది అంటే, మంట (ఇన్‌ఫ్లమేషన్) రేగినప్పుడు మూత్రంలోకి యూరేట్ ఎక్కువగా పోతుంది, రక్తంలో నంబరు తాత్కాలికంగా పడిపోతుంది. ఇది కొత్త విషయమేమీ కాదు. నొప్పి ఉన్న రోజు నార్మల్ వచ్చిందని గౌట్ కాదనుకోకూడదు. పూర్తిగా తగ్గాక రెండు మూడు వారాలకి మళ్ళీ చేయిస్తేనే అసలు అంకె తెలుస్తుంది. పైగా రక్తంలో అంకె దిగినా కీలులో దిగిన స్ఫటికం అలాగే ఉంటుంది. అది కరగడానికి నెలలు పడుతుంది.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలనిపిస్తోంది. 19వ శతాబ్దం మధ్యలో లండన్‌లో ఆల్ఫ్రెడ్ గారడ్ అనే డాక్టర్ గౌట్ రోగి రక్తద్రవాన్ని ఒక గాజు పళ్ళెంలో పోసి, కాస్త ఎసిటిక్ యాసిడ్ కలిపి, అందులో ఒక నారపోగు వేసి వదిలేశాడు. కొన్నాళ్ళకి పోగు నిండా యూరిక్ యాసిడ్ స్ఫటికాలు అంటుకున్నాయి, కలకండ తయారుచేసేటప్పుడు దారానికి పట్టినట్టు. రోగి రక్తంలో ఉన్న ఒక రసాయనాన్ని పరీక్ష చేసి పట్టుకోవడంలో ఇది తొలినాటి ఉదాహరణ. స్ఫటికాలే మంటకి కారణమని గారడ్ అన్నాడు కానీ నిరూపణకి వందేళ్ళు పైనే పట్టింది. 1961లో డేనియల్ మెకార్టీ, జోసెఫ్ హాలండర్ రోగుల కీలునీటిని పోలరైజ్డ్ మైక్రోస్కోప్ కింద పెట్టి సూదుల్లాంటి స్ఫటికాలు చూపించారు. మరుసటి ఏడాది మెకార్టీ, ఫెయిర్స్ అనే ఇంకొక డాక్టర్ ఆ స్ఫటికాలని తమ మోకాళ్ళలోకే ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లో ఇద్దరికీ అసలు సిసలు గౌట్ నొప్పి. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఆ నొప్పి ఏమిటో తెలిసినవాళ్ళు అసలే ఒప్పుకోరు.

ఆ సూదుల్ని నేను వందల సార్లు చూశాను. ఎర్రటి నేపథ్యం మీద, ఒక దిశలో ఉంటే పసుపు, స్లైడుని తొంభై డిగ్రీలు తిప్పితే అదే సూది నీలం. సన్నగా, రెండు కొసలూ వాడిగా. తెల్ల రక్తకణం లోపల ఇరుక్కున్న సూది ఒక్కోసారి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. చిత్రమేమిటంటే, నొప్పి లేని రోజు ఆ కీలులోంచి నీరు తీసినా చాలామందిలో అవే సూదులు కనిపిస్తాయి. అంటే స్ఫటికం ఉండటం ఒక్కటే చాలదు. మరి ఆ రాత్రే ఏమైంది?

దీనికి జవాబు నాకు ఒక తప్పు చేయబట్టి ఒంటబట్టింది. పనిలో చేరిన కొత్తలో యూరేట్ స్ఫటికాలు నేనే తయారుచేసేదాన్ని. యూరిక్ యాసిడ్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడి చేసి కరిగించి, పీహెచ్ సరిచేసి, కదపకుండా వదిలేస్తే అడుగున తెల్లటి పొడి దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి మాక్రోఫేజ్‌ల మీద వేసి, మర్నాడు ఎలైజా (ప్రోటీన్‌ని రంగుతో కొలిచే పరీక్ష) ప్లేటు చేస్తే గిన్నెలన్నీ నీలంగా మారేవి, యాసిడ్ చుక్క వేయగానే చిక్కటి పసుపు. అంటే మంట రేపే కబురు ప్రోటీన్ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బ్రహ్మాండంగా వచ్చినట్టు. మూడు నెలలు గ్రాఫులు గీసుకుని మురిసిపోయాను. ఒక సీనియర్ వచ్చి, "అమ్మాయ్, ఎండోటాక్సిన్ చూశావా?" అని అడిగారు. చూడలేదు. చూస్తే ఉంది. నేను వాడిన నీళ్ళలోంచో, సీసాలోంచో బ్యాక్టీరియా గోడ ముక్కలు స్ఫటికాలతో పాటు వచ్చి చేరాయి. అన్నీ పారేసి, గాజు సామాను ఎక్కువ వేడిలో కాల్చి, శుభ్రమైన నీళ్ళతో మళ్ళీ చేశాను. ఈసారి అవే కణాలు, అవే సూదులు, ప్లేటు మాత్రం దాదాపు రంగులేకుండా ఉండిపోయింది. వాపుని చూసి బలుపు అనుకోవడం అంటే అదే, అక్షరాలా.

అయితే ఆ ఖాళీ ప్లేటే నాకు అసలు పాఠం చెప్పింది. మాక్రోఫేజ్‌కి రెండు సంకేతాలు కావాలి. మొదటిది "సిద్ధంగా ఉండు" అనేది. బ్యాక్టీరియా ముక్కో, మరోటో కణం పైనున్న టోల్-లైక్ గ్రాహకాలకి తగిలితే, కణం ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ముడిసరుకుని తయారుచేసి లోపల పెట్టుకుంటుంది. అది పని చేయని రూపం, కత్తిరించాలి. ఆ కత్తెరని తెరిచేది రెండో సంకేతం, అంటే స్ఫటికం. మొదటిది లేకుండా రెండోది వస్తే కత్తెర ఉంటుంది, కత్తిరించడానికి సరుకుండదు. నా మురికి స్ఫటికాల్లో రెండూ కలిసే ఉన్నాయి, అందుకే అంత రంగు.

ఇప్పుడు పెళ్ళి భోజనం దగ్గరికి రండి. 2010లో యోస్టెన్ బృందం చూపించింది ఏమిటంటే, యూరేట్ స్ఫటికాలు ఒక్కటే పెద్దగా కదిలించని కణాలు, కొవ్వు ఆమ్లాలు తోడైతే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని బాగా విడుదల చేస్తాయి. కొవ్వు ఆమ్లాలు టీఎల్‌ఆర్2 అనే టోల్-లైక్ గ్రాహకం ద్వారా ఆ మొదటి సంకేతం ఇస్తాయి. మటన్ బిర్యానీ, నేతి స్వీట్లు, ఆ పైన నీళ్ళు సరిగ్గా తాగకపోవడం, మద్యం పుచ్చుకునే అలవాటుంటే అది కూడా. జ్వరం, ఆపరేషన్, కాలికి దెబ్బ తగలడం కూడా ఇలాగే దాడిని రేపుతాయి. రాత్రి రెండింటికి రావడం కూడా విచిత్రం కాదు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఎనిమిది లోపు దాడులు, పగటిపూటతో పోలిస్తే రెండింతలకి పైగా ఎక్కువని 2015లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది.

ఆ కత్తెర పేరు కాస్పేజ్-1. దాన్ని తెరిచే యంత్రానికి 2002లో స్విట్జర్లాండ్ లోని లోజాన్‌లో యుర్గ్ చాప్ బృందం ఇన్‌ఫ్లమజోమ్ అని పేరు పెట్టింది. దానికి ఒక ఏడాది ముందు అమెరికాలో హాల్ హాఫ్‌మన్ మరో దారిలో అక్కడికే చేరాడు. కొన్ని కుటుంబాల్లో చల్లగాలి తగిలితే చాలు ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, కీళ్ళ నొప్పులు వస్తాయి. తరతరాలుగా ఉంటుంది, ఏ సూక్ష్మజీవీ దొరకదు. వాళ్ళలో పాడైన జన్యువు ఏదో వెతికితే దొరికింది ఇప్పుడు మనం ఎన్ఎల్ఆర్‌పీ3 అని పిలిచేది, ఆ యంత్రంలోనే ఒక భాగం. అంటే వాళ్ళలో ఆ యంత్రం స్విచ్ సగం నొక్కే ఉంది. 2006లో మార్టినాన్, చాప్ బృందం యూరేట్ స్ఫటికాలు ఈ ఎన్ఎల్ఆర్‌పీ3నే ఆన్ చేస్తాయని చూపించింది. గౌట్ కథలో అది మలుపు. ఆ ప్రోటీన్ మీద నేచర్ పత్రికలో అదే సమయంలో వచ్చిన మరో పేపర్లో మొదటి పేరు మన కన్నెగంటి తిరుమలాదేవిది. కొత్తగూడెం ఆవిడ, కాకతీయలో, ఉస్మానియాలో చదివారు, అప్పటికి మిషిగన్‌లో ఉన్నారు. బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ కూడా అదే యంత్రాన్ని కదిలిస్తుందని ఆ పేపర్. ఇప్పుడు మెంఫిస్ లోని సెయింట్ జూడ్‌లో పెద్ద ల్యాబ్ నడుపుతున్నారు. మన పిల్లలకి ఈ పేరు తెలియకపోవడం నాకు కాస్త కష్టంగానే ఉంటుంది.

కణం లోపల ఏం జరుగుతుందంటే, మాక్రోఫేజ్ సూదిని మింగుతుంది. అరిగించుకోలేదు. సూది దాచుకున్న సంచి చిరుగుతుంది, కణంలోని పొటాషియం బయటికి కారుతుంది. అది ప్రమాదమని పసిగట్టి ఎన్ఎల్ఆర్‌పీ3 అణువులు ఒక చోట గుమిగూడతాయి, ఏఎస్‌సీ అనే ప్రోటీన్‌ని పోగుచేస్తాయి. దానికి మెరిసే రంగు తగిలించి చూస్తే, అప్పటిదాకా కణమంతా పలచగా పరుచుకున్న వెలుగు కొన్ని నిమిషాల్లో లాగేసుకుని ఒక్క చుక్క అయిపోతుంది. కణానికి ఒకటే చుక్క, నుదుటి బొట్టులా. ఇన్నేళ్ళ పనిలో నేను మళ్ళీ మళ్ళీ చూసినా విసుగు పుట్టని దృశ్యం అదొక్కటే. ఆ చుక్క మీద కాస్పేజ్-1 పని మొదలెడుతుంది, సరుకుని కత్తిరిస్తుంది, గ్యాస్‌డెర్మిన్-డి అనే ఇంకో ప్రోటీన్‌ని కూడా కత్తిరిస్తుంది. ఈ రెండోది కణం పొరకి రంధ్రాలు పెడుతుంది, వాటిలోంచి ఇంటర్‌ల్యూకిన్ బయటపడుతుంది. గ్యాస్‌డెర్మిన్ సంగతి తెలిసింది 2015లోనే.

బయటపడ్డ ఇంటర్‌ల్యూకిన్ రక్తనాళాలకి చెప్తే అవి వెడల్పయి కారుతాయి. అదే ఎరుపు, వేడి, వాపు. న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి పడతాయి. కబురు మరో ఇంటర్‌ల్యూకిన్ ద్వారా కాలేయానికి చేరితే అది సీఆర్‌పీ తయారుచేస్తుంది. మీ రిపోర్టులో 48 అదే. అది బొటనవేలు నుంచి కాలేయానికి వెళ్ళిన కబురు, విడిగా ఇంకో జబ్బు కాదు. అయితే ఇన్ఫెక్షన్‌లోనూ సీఆర్‌పీ పెరుగుతుంది. కాబట్టి కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే, "మళ్ళీ గౌటే" అనుకుని ఇంట్లో కూర్చోకుండా అదే రోజు చూపించండి.

మరి దానంతటదే ఎలా ఆగింది? న్యూట్రోఫిల్స్ చచ్చేటప్పుడు తమ డీఎన్ఏని వలలా బయటికి విసురుతాయి. 2004లో ఈ వలల్ని మొదట కనిపెట్టినప్పుడు సూక్ష్మజీవుల్ని పట్టడానికే అనుకున్నాం. 2014లో జర్మనీ లోని ఎర్లాంగెన్ బృందం గౌట్‌లో ఇంకో సంగతి చూపించింది. కణాలు మరీ దట్టంగా చేరినప్పుడు ఆ వలలు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దలవుతాయి, ఆ ముద్దల్లోని ఎంజైమ్‌లు ఇంటర్‌ల్యూకిన్ లాంటి కబురు ప్రోటీన్లని ముక్కలు చేసేస్తాయి. గుంపు పెరిగి పెరిగి తన గొంతు తనే నొక్కుకున్నట్టు. వలలు వేయలేని ఎలుకల్లో మంట తగ్గకుండా సాగింది. పాత రోగుల చెవి డిప్ప మీద, మోచేతి దగ్గర కనిపించే తెల్లటి ముద్దల్లో కూడా స్ఫటికాలతో పాటు ఈ వలలు ఉంటాయి. కాబట్టి పది రోజుల్లో తగ్గిందంటే స్ఫటికాలు పోయాయని కాదు, వాటి మీద దుప్పటి కప్పారని.

ఈ కథంతా నిజమేనా, లేక ల్యాబ్ ముచ్చటేనా అని అడగొచ్చు. మనుషుల్లో పరీక్ష జరిగింది. ఇంటర్‌ల్యూకిన్-1ని అడ్డుకునే అనాకిన్రా అనే మందుని 2007లో లోజాన్‌లోనే, మామూలు మందులు పడని లేదా పనిచేయని 10 మంది గౌట్ రోగులకి ఇస్తే పదిమందికీ త్వరగా తగ్గింది. ఇంకా గట్టి సాక్ష్యం గుండె నుంచి వచ్చింది. 2017లో ముగిసిన క్యాంటోస్ అనే ట్రయల్‌లో, అంతకు ముందు గుండెపోటు వచ్చి సీఆర్‌పీ కాస్త ఎక్కువున్న 10,061 మందికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాని పట్టుకునే కానాకినుమాబ్ లేదా ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చారు. కొలెస్టరాల్ ఏమాత్రం తగ్గకుండానే, 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. కొలెస్టరాల్ స్ఫటికాలు కూడా ఎన్ఎల్ఆర్‌పీ3ని కదిలిస్తాయని 2010 నుంచే తెలుసు మరి. తర్వాత అదే ట్రయల్ లెక్కలు తిరగేస్తే గౌట్ దాడులు సగానికి పైగా తగ్గినట్టు తేలింది, యూరిక్ యాసిడ్ అంకె మాత్రం కదల్లేదు. మీ ప్రశ్నకి ఇంతకన్నా నిక్కచ్చి జవాబు నాకు తెలిసి లేదు. కానీ అదే మందు తీసుకున్నవాళ్ళలో ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. మంట ఉత్తినే లేదు ఒంట్లో, దాన్ని పూర్తిగా ఆర్పేస్తే కాపలా కూడా పోతుంది.

అందుకే "ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే" పొడులూ కషాయాలూ అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఒక కుళాయి కాదు, ఇంటికి ఎన్నో పైపులు. మెథోట్రెక్సేట్ చూడండి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ల్యాబ్‌లో నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మందు అది, రుమటాయిడ్ కీళ్ళవాతంలో దశాబ్దాలుగా మొదటి మందు. క్యాంటోస్ నడుస్తున్న రోజుల్లోనే 4,786 మంది గుండెరోగుల మీద దాన్నీ పరీక్షించారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా తగ్గలేదు, సీఆర్‌పీ తగ్గలేదు, గుండెకి లాభమూ కలగలేదు. వాతానికి అంత బాగా పనిచేసే మందు ఇక్కడ తప్పు పైపు మీద పడింది.

గౌట్ నొప్పికి ఇచ్చే కాల్చిసిన్ అనే మందు గురించి కూడా అడిగారు. కణంలోని సూక్ష్మనాళికలు కట్టకుండా అది అడ్డుపడుతుంది. న్యూట్రోఫిల్స్ కదలికా మందగిస్తుంది, ఆ ఇన్‌ఫ్లమజోమ్ పోగవడమూ కష్టమవుతుంది. వందల ఏళ్ళ పాత మందు, గౌట్‌కి ఇప్పటికీ పనికొస్తుంది. మన అడవినాభి దుంపలో ఉండేదీ ఇదే పదార్థం. ఎవరైనా నాటు వైద్యమని ఆ దుంప ఇస్తే దగ్గరికి రానివ్వకండి. మందుకీ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మాత్ర రూపంలో అయినా కిడ్నీ సరిగా లేనివాళ్ళకి మోతాదు మారుతుంది, కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ప్రమాదం.

పప్పు సంగతి. 47,150 మంది మగవాళ్ళని 12 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2004లో వచ్చింది. మాంసం, చేపలు రొయ్యలు ఎక్కువ తిన్నవాళ్ళకి గౌట్ ఎక్కువ వచ్చింది. ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారేవి) ఉన్న కూరగాయలు తిన్నవాళ్ళకి పెరగలేదు. పాలు, పెరుగు వాడేవాళ్ళకి తగ్గింది. బీరు పెంచుతుందని అదే బృందం విడిగా చూపించింది. అసలు రక్తంలో యూరిక్ యాసిడ్ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉండటానికి తిండికన్నా జన్యువుల వాటా చాలా ఎక్కువ, కిడ్నీ ఎంత బయటికి పంపగలదు అన్నదే ముఖ్యం. కాబట్టి నాన్నగారికి ముద్దపప్పు, పాలకూర తిరిగి పెట్టండి. మటన్, కూల్‌డ్రింకులు, బీరు తగ్గించమనండి. "నా తిండి వల్లే వచ్చింది" అని ఆయన్ని కుమిలిపోనివ్వకండి. బీపీ మాత్రల్లో నీరు తీసే రకం ఏదైనా ఉందేమో చీటీ చూసి డాక్టర్ గారికి గుర్తుచేయండి, అవి యూరిక్ యాసిడ్ పెంచుతాయి. మనంతట మనం ఆపకూడదు.

ఇక ఆపేసిన అలోప్యూరినాల్. రక్తంలో యూరేట్ తగ్గడం మొదలవగానే కీలులో ఏళ్ళుగా పేరుకున్న గడ్డ అంచులు కరిగి, సూదులు విడివడి బయటపడతాయి. అప్పటిదాకా కప్పి ఉన్న దుప్పటి కింద నుంచి కొత్త సూది మాక్రోఫేజ్ కంట పడుతుంది. మూడో వారంలో వచ్చిన నొప్పి బహుశా అదే, మందు పడకపోవడం వల్ల కాదు, మందు పని మొదలెట్టడం వల్ల. అందుకే డాక్టర్లు తక్కువ మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచుతూ, మొదటి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదు కాల్చిసిన్ లాంటిది కాపలాగా పెడతారు. అంకె 6 కన్నా కిందకి తెచ్చి అక్కడే ఉంచాలి, నొప్పి లేకపోయినా. మీకు ఆ కాపలా మందు రాశారో లేదో, రాస్తే వాడారో లేదో మీ ప్రశ్నలో లేదు. మళ్ళీ వెళ్ళేటప్పుడు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి, "మానేశాం" అని దాచకుండా చెప్పండి. తిరిగి మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు గానీ, నోట్లో పుళ్ళు గానీ, జ్వరం గానీ వస్తే మాత్రం ఆ పూటే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అది గౌట్ నొప్పి లాంటిది కాదు, మందు నిజంగానే పడలేదని అర్థం.